ఎనిమిది మూరల కర్ర

మొన్నామధ్య ఒక మంగళవారం పొద్దున ఈత టోపీ పెట్టుకొని గోదావరిలో దిగబోతుంటే పక్క క్వార్టర్ పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా" అన్నది. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. మా కొట్లాట ఇంకా తెగనే లేదు, ఎట్లా పోతాడు?

పెద్దబాపు అనీ, ఆయన భార్యను పెద్దమ్మ అనీ పిలుస్తానే గానీ వాళ్లు నాకు చుట్టాలు కారు. నస్పూర్‌లో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆయన బొగ్గుబాయిలో కార్మికుల భద్రత చూసే సర్దారుగా చేసి రిటైరయ్యాడు. నేను ముప్పై రెండేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లిని, సముద్రంలో ఇరవై అయిదు కిలోమీటర్లు ఈదుతానంటే కాలనీ అంతా నవ్వింది. "గోదారిల మునిగితే పుణ్యమన్న వస్తది, సముద్రంల ఏమొస్తది?" అన్నారు. ఆయన మాత్రం బీడీ ఆర్పేసి, "ఎన్నడు మొదలువెడుదాం?" అని అడిగాడు.

రెండేళ్లు నేర్పాడు. నేను నీళ్లలో, ఆయన నాటు పడవలో. బాయిలో పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడు విని, గట్టిగా ఉందనుకుంటేనే మనుషుల్ని లోపలికి పంపేవాడట. అదే కర్రతో పడవ అంచు మీద టక్కుటక్కుమని కొడుతుంటే దానికి సరిగ్గా నేను చేతులు వేసేదాన్ని. తప్పితే తిట్లే. "గట్ల ఈతగొడ్తే సముద్రమేంది, మా ఇంట్ల నీళ్ల గోలెం గూడ దాటవు!" అరగంటకోసారి బెల్లం కలిపిన గంజి గిన్నె అందించేవాడు. నా కాలు పట్టేసిందంటే చాలు, చెయ్యి పట్టి గుంజేవాడు. "బాయిల మాకొకటే కానూన్. ముందుగాల చెయ్యి పట్టు, తర్వాత మాట్లాడు."

ఆ కానూనే నా కొంప ముంచింది.

సముద్రపు ఈతలో నియమం చిన్నదే. నేను పడవను తాకకూడదు, పడవలో వాళ్లు నన్ను తాకకూడదు. తాకితే ఆ ఈత ఇక చెల్లదు. వందసార్లు చెప్పాను. "యాదున్నది తల్లీ, పరేషాన్ గాకు" అన్నాడు. పోయినేడు విశాఖ దగ్గర తెల్లవారగానే దిగాను. ఏడు గంటలు ఈదాను. ఉప్పుకి నాలుక వాచింది, చంకలు ఒరుసుకుపోయాయి. ఒడ్డున ఇళ్ల రంగులు కూడా కనిపిస్తున్నాయి. గంజి తాగుతుంటే అల వచ్చి మొహానికి కొట్టింది, దగ్గాను. అంతే, ఆయన వంగి నా మణికట్టు పట్టేశాడు! పడవలో ఉన్న పరిశీలకుడు ఏం చేస్తాడు పాపం, విజిల్ ఊదాడు.

ఒట్టి దగ్గండీ! ఒట్టి దగ్గు!

"నా రెండేండ్లు నాశనం జేసినవ్!" అని పడవలోనే అరిచాను. ఆయన తన చేతివంక చూసుకుంటూ, "నేను పట్టలే బిడ్డా, అదే పట్టింది" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా మండింది. ఏడాది మాట్లాడలేదు. రోజూ గోడ అవతల ఆయన దగ్గు వినిపించేది. బొగ్గు దుమ్ము మింగిన ఊపిరితిత్తులు మరి. విని కూడా నేను తలుపు తీయలేదు.

చివరికి పెద్దమ్మ బతిమాలితే ఆసుపత్రికి పోయాను. మంచం మీది నుంచి చెయ్యి చాచాడు. నేను చేతులు కట్టుకొని, "అప్పుడు పట్టింది సాలదా?" అన్నాను. నవ్వాడు. నవ్వు దగ్గయింది. నేను వచ్చేశాను. అది ఆదివారం.

సమాధి దగ్గర అందరూ ఆయన్ని ఓపిక గల మనిషన్నారు. ఓపికా? గిన్నె ఒక్క క్షణం ఆలస్యంగా అందుకుంటే పళ్లు నూరేవాడు! ఎవర్ని పూడ్చిపెడుతున్నారో తెలుసా వీళ్లకు అనిపించింది. అందరి మీదా కోపమే ఆ రోజు, నా మీద అందరికంటే ఎక్కువ.

మట్టి వేసి వచ్చాక పెద్దమ్మ వెనక వాకిట్లోంచి ఒక కర్ర తెచ్చింది. ఆయన తట్టే కర్రే. దానికి వెదురు జోడించి, తీగతో బిగించి, కొసకు స్టీలు గిన్నె కట్టాడు. మొత్తం ఎనిమిది మూరలు. "నా చెయ్యి నా మాట ఇనది, గందుకే దాన్ని దూరం వెట్టాలె అన్నడు. బిడ్డ ఇంకోసారి సముద్రంల దిగుతది, గప్పటికి తయారుండాలె అన్నడు. చలికాలమంత కూసోని చేసిండు" అంది పెద్దమ్మ.

గోడ అవతలే కూర్చొని చేశాడట! ఒక్కమాట చెప్పొద్దా పెద్దబాపూ? నేనంటే మొండిదాన్ని, నీకేమొచ్చింది?

నిన్న మళ్లీ గోదావరిలో దిగాను. ఎన్నడూ పడవెక్కని పెద్దమ్మ, ఒక చేత్తో అంచు గట్టిగా పట్టుకొని పడవలో కూర్చుంది. అరగంటకు కర్ర చాచింది. గిన్నె వణుకుతూ వచ్చి నా ముందు ఆగింది, గంజి తొణికి నీళ్లలో పడుతోంది. చెయ్యి చాచి పట్టుకున్నాను. కర్ర మీద ఆయన పట్టి పట్టి నున్నబడ్డ చోటు ఎనిమిది మూరల అవతల ఉంది.