దెయ్యానికి సెలవు రోజున

దక్షిణ కొరియాలోని ఇంచియన్‌లో ఎంత చదువుకున్నవాడైనా ఇల్లు మారేటప్పుడు ముందు క్యాలెండరు తిరగేస్తాడు. నాలుగు దిక్కుల్లో తిరుగుతూ, ఇల్లు మారేవాళ్ళ వెంటపడి పీడించే దెయ్యం ఒకటుందట. చంద్రుడి లెక్కన నెలలో తొమ్మిది, పది, పంతొమ్మిది, ఇరవై, ఇరవై తొమ్మిది, ముప్ఫై రోజుల్లో మాత్రం అది ఆకాశానికి వెళ్ళిపోతుంది. ఆ ఆరే మంచి రోజులు. ఆ రోజుల్లో సామాన్ల లారీ దొరకదు, ఖాళీ ఇల్లు కడిగిపెట్టే మనిషి అసలే దొరకదు. మిగతా రోజుల్లో ఫోను మోగడమే గగనం. దెయ్యం హాయిగా సెలవు తీసుకున్న రోజునే డోక్‌హీకీ పిల్సున్‌కీ నడుం పడిపోయేది.

ఇద్దరూ కారు దీపాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పదేళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేశారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత వ్యాను ఒకటి కొని, కొత్తగా దిగబోయేవాళ్ళ కోసం ఇళ్ళు శుభ్రం చేసే పనిలో పడ్డారు. అప్పటికి డోక్‌హీకి నలభై రెండేళ్ళు. పిల్సున్ తొమ్మిదేళ్ళు పెద్ద. వ్యాను డోక్‌హీ పేరున ఉంది కాబట్టి కాగితాల మీద ఆమే ఓనరు. పని నేర్పింది మాత్రం పిల్సునే. ఆవిడ మొదటిరోజే ఒక షరతు పెట్టింది.

"రోజుకి ఒక్క ఇల్లే చేద్దాం. నా మీద ఒట్టెయ్యి."

"ఒట్లెందుకక్కా, అసలు ఒక్క ఇల్లు దొరికితే కదా."

"దొరుకుతాయే. దొరికినప్పుడే నీకు కళ్ళు నెత్తికెక్కుతాయి. ఫ్యాక్టరీలో వాళ్ళు మనల్ని అరగదీశారు, వాళ్ళని తిట్టుకున్నాం. రేపు మనల్ని మనమే అరగదీసుకుంటే ఇంకెవర్ని తిడతాం?"

డోక్‌హీ నవ్వుతూనే ఒట్టేసింది.

పిల్సున్ గొప్పతనమంతా కిటికీ గాడుల దగ్గర కనిపించేది. అరిగిపోయిన చాప్‌స్టిక్ పుల్లకు గుడ్డ చుట్టి, అద్దం జరిగే ఆ సన్నని గాడిలో మూలమూలలా తిప్పేది. ఇంటివాళ్ళు వచ్చి ముందు వేలు పెట్టి చూసేది అక్కడేనని ఆవిడకు తెలుసు. వేలు తెల్లగా బయటికొస్తే, ఆ రోజుకి అదే ఆవిడకు పండగ. పని అప్పగించేటప్పుడు గుమ్మంలో నిలబడి, తలవంచి, "మంచి రోజున దిగుతున్నారు, ఇక అంతా మంచే జరుగుతుంది" అని చెప్పమని డోక్‌హీకి నేర్పింది కూడా ఆవిడే. ఇంటివాళ్ళు మొహం విప్పార్చుకుని, "చాలా శ్రమపడ్డారు" అనేవాళ్ళు. ఆరేళ్ళలో కొన్ని వందల గుమ్మాల్లో ఈ రెండు మాటలూ చేతులు మారాయి.

ఆరో ఏడు, ఊరి అంచున కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయి. రెండు నెలల్లో ఎనిమిది వందల కుటుంబాలు దిగాలి, అందరికీ ఆ ఆరు రోజులే కావాలి. డోక్‌హీ ఫోను మోగి మోగి వేడెక్కిపోయేది. ఆమెకు డబ్బు పిచ్చేమీ లేదు. ఇంకో వ్యాను, ఇంకో నలుగురు మనుషులు ఉంటే యాభై అయిదేళ్ళకి బ్రష్షు కింద పెట్టి, ఫోను పట్టుకుని కూర్చోవచ్చని ఆశ. అక్కని కూడా పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. కూర్చోవడం కోసమే ఆమె పరుగు మొదలుపెట్టింది. ఎవరైనా అలాగే మొదలుపెడతారు మరి.

ఆ శరదృతువులోనే పిల్సున్‌కి కూడా ఒక ఇల్లు దొరికింది.

పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ సగం నేలలో దిగబడ్డ ఇంట్లో ఉంటోంది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ చెప్పులే కనిపిస్తాయి. వానాకాలం గోడలు బూజు పడితే, ఊరందరి ఇళ్ళూ మెరిపించిన మనిషి తన ఇంటికొచ్చి ఆ బూజుని గోకుతూ కూర్చునేది. ఇప్పుడు నాలుగంతస్తుల ఇటుకల మేడలో మూడో అంతస్తున రెండు గదుల ఇల్లు. ఎండ పడుతుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు వ్యానులో కింబాప్, అదే సముద్రపు నాచులో చుట్టిన అన్నం, తింటున్న పిల్సున్ కాసేపు నమలడం మానేసింది.

"తొమ్మిదో నెల ఇరవయ్యో రోజున దిగుతా. ఆ రోజు పని పెట్టకు. మనిద్దరం కలిసి కడుగుదాం. ఒక్కసారి మన ఇల్లు మనం కడుక్కుందామే."

"గాడులు నువ్వే చెయ్యాలి. వేలు పెట్టి చూసేది నేను."

"చూడు, చూడు. నల్లగా వస్తే మర్నాటి నుంచి వ్యాను ఎక్కకుండా నడిచే పనికొస్తా."

డోక్‌హీ ఆ రోజు చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. ఆ సున్నా మీద ఇంకో ఇల్లు, దాని మీద మరో ఇల్లు ఎలా ఎక్కాయో తర్వాత తలచుకుంటే ఆమెకే సిగ్గేసేది. మొదట ఒక నిండు చూలాలు ఫోను చేసి ఏడ్చింది. ఆ తర్వాత, కొత్త అపార్ట్‌మెంట్లలో అందరికీ పనివాళ్ళని కుదిర్చే ఒకావిడ బతిమాలింది. ఈవిడని కాదంటే రెండు నెలల పనీ చేజారుతుంది. అప్పటికి ఇద్దరు కొత్త ఆడవాళ్ళని మాట్లాడి ఉంచింది, వాళ్ళు వస్తారన్న ధైర్యంతో రెండిళ్ళూ ఒప్పుకుంది. అక్కకి మాత్రం ఇంకా నాలుగు రోజులే ఉందనగా చెప్పింది.

పిల్సున్ క్యాలెండరులోని ఎర్ర సున్నా వైపు చూసింది.

"రైస్ కుక్కర్ పెట్టేస్తే చాలక్కా," అంది డోక్‌హీ. "మంచి రోజున కుక్కరొక్కటి ముందు లోపల పెడితే ఆ రోజు దిగినట్టే కదా. అందరూ చేస్తున్నదే. మధ్యాహ్నం రెండిళ్ళకీ మధ్య అరగంట దొరుకుతుంది, మీ ఇంటి మీదుగానే వెళ్దాం. కడగడం తర్వాత తీరిగ్గా చేసుకుందాం."

"ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు ముందు, మా ఇల్లు తీరిగ్గానా," అంది పిల్సున్. ఆవిడ కాదని ఉంటే బాగుండేదని డోక్‌హీ తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఇరవయ్యో రోజు తెల్లారేసరికి పిల్సున్ కుక్కర్‌తో వచ్చింది. అందులో బియ్యం నింపి, మూత ఊడకుండా గులాబీరంగు గుడ్డతో మూటకట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొత్తగా మాట్లాడుకున్న ఇద్దరు ఆడవాళ్ళు రాలేదు. ఒకామె ఫోను ఎత్తలేదు, రెండో ఆమె వేరేవాళ్ళు ముందు పిలిచారంది. మంచి రోజున పనికి మనుషులు దొరకడం ఎంత కష్టమో డోక్‌హీకి తెలియనిది కాదు.

"పద. ఇద్దరమే చేద్దాం," అంది పిల్సున్.

కుక్కర్‌ని బకెట్ల మధ్య కుదురుగా పెట్టింది. చేతికి రబ్బరు గ్లవ్ తొడుక్కుంటుంటే కుడి మణికట్టుకి నొప్పి పట్టీ కనిపించింది. డోక్‌హీ చూసింది. మొదటి ఇంటి తలుపు తాళం మీద అంకెలు నొక్కేటప్పుడు కూడా అక్క ఎడమచేత్తో నొక్కడం చూసింది. అడిగితే పని ఆగుతుంది కాబట్టి అడగలేదు.

మొదటి ఇల్లు ఒంటిగంటకి అవ్వాల్సింది, రెండున్నర దాటింది. వ్యాను ఎక్కగానే పిల్సున్ వెనక్కి తిరిగి కుక్కర్ వైపు చూసింది.

"ఇప్పుడు మా ఇంటికెళ్తే?"

"ట్రాఫిక్ చూశావుగా. అటెళ్తే రెండో ఇల్లు చీకటి పడినా తేలదు. సాయంత్రం వెళ్దాం, ఏడింటిలోపు ఎలాగైనా వెళ్దాం."

పిల్సున్ కొత్తింటి తాళంచెవి ఇళ్ళు కుదిర్చే ఆఫీసులో ఉంది. ఆ ఆఫీసు ఏడింటికి మూసేస్తారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రెండో ఇల్లు కొత్త కట్టడం, ఎక్కడ ముట్టుకున్నా సిమెంటు పొడి. పిల్సున్ కిటికీల దగ్గర కూర్చుని పుల్ల తిప్పుతూనే ఉంది. అయిదింటికి చేతిలోంచి పుల్ల జారింది. తీసుకుంది. మళ్ళీ జారింది. మూడోసారి ఆవిడ పుల్లని ఎడమచేతికి మార్చుకుంటుంటే డోక్‌హీ స్టూలు మీంచి అంది, "అక్కా, ఈ నాలుగు కిటికీలు ఓర్చుకో. అయిపోయింది."

చాలా మామూలుగా అంది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు వాళ్ళ వెనక నిలబడి సరిగ్గా ఇంత మామూలుగానే అనేవాడు.

ఏడు దాటి పది నిమిషాలకు పనయింది. ఇంటావిడ వచ్చి గాడిలో వేలు పెట్టి, తెల్లటి వేలు చూసుకుని మురిసిపోయింది. డోక్‌హీ తలవంచి, మంచి రోజున దిగుతున్నారని చెప్పింది. పక్కన పిల్సున్ కూడా తలవంచింది. ఇద్దరూ ఇళ్ళు కుదిర్చే ఆఫీసుకి వెళ్ళేసరికి షట్టరు దించి ఉంది. అక్కడి నంబరుకి చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయింది. రేపు ఇరవై ఒకటి, మంచి రోజు కాదు.

పిల్సున్ కుక్కర్ మూటని రెండు చేతులా ఎత్తబోయింది. కుడిచెయ్యి పట్టు ఇవ్వలేదు. మూట ఒరిగి, మూత పక్కకి జరిగి, బియ్యం వ్యానులో బకెట్ల మధ్య, తడిగుడ్డల మీద చిందింది. ఆవిడ వంగి ఒక్కొక్క గింజా ఏరబోయింది.

"వదిలెయ్యక్కా, రేపు నేను ఊడుస్తాలే."

"రేపు ఎన్ని ఇళ్ళు ఒప్పుకున్నావు?" అని అడిగింది పిల్సున్. వెటకారం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. డోక్‌హీ కూడా వంగి గింజలు ఏరడం మొదలుపెట్టింది.

మర్నాటి నుంచి పిల్సున్ పనిలోకి రాలేదు. ఒంట్లో బాలేదని ఒక్క మెసేజి పెట్టింది. డోక్‌హీ దొరికినవాళ్ళతో పని లాక్కొచ్చింది. గాడుల్లో దుమ్ముందని ఫోన్లు వచ్చాయి, మళ్ళీ వెళ్ళి కడిగొచ్చింది. నిద్రలో కూడా చేతులు తుడుస్తూనే ఉండేవి. పిల్సున్ ఇరవై మూడో రోజున, దెయ్యం నేలమీదే తిరుగుతున్న రోజున, చుట్టాలాయన చిన్న లారీలో సామాను వేసుకుని ఇల్లు మారిందని ఎవరో చెబితే తెలిసింది. తనని పిలవలేదు.

ఇరవై తొమ్మిదో రోజుకి ఒప్పుకున్న రెండిళ్ళకీ ఫోన్ చేసి రాలేనని చెప్పింది డోక్‌హీ. ఒకావిడ నోటికొచ్చినట్టు తిట్టింది, అపార్ట్‌మెంట్లో ఇంకెవరూ నిన్ను పిలవరంది. డోక్‌హీ తిట్లన్నీ విని ఫోను పెట్టేసి, ఆ ఇరవై తొమ్మిదినే పొద్దున కొత్తిల్లు చూడబోయేవాళ్ళు ఆనవాయితీగా కానుక తీసుకెళ్ళే బట్టల సబ్బు పొడీ, టాయిలెట్ కాగితం చుట్టలూ కొనుక్కుని, బకెట్లు కూడా పట్టుకుని మూడంతస్తులు ఎక్కింది.

పిల్సున్ తలుపు తీసింది. కుడిచెయ్యి వేళ్ళ దాకా కట్టు.

"ఆపరేషన్ చేశారు. నరం నలిగిందట. డాక్టరు ఇంకీ పని చెయ్యొద్దన్నాడు," అంది పిల్సున్. "రండి."

ఆ "రండి" వినగానే డోక్‌హీ కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి.

ఇంట్లో ఎండ బాగానే పడుతోంది. ఆ ఎండలో అంతా కనిపిస్తోంది. నేల ఎడమచేత్తో తుడిచిన చోట చారలు చారలుగా ఉంది. కిటికీ అద్దం భుజం ఎత్తు దాకా మెరుస్తోంది, పైన పాతవాళ్ళ వంట జిడ్డు అలాగే ఉంది. డోక్‌హీ అలవాటుగా గాడిలో వేలు పెట్టింది. వేలు నల్లగా వచ్చింది. వేలు వెనక దాచుకుంది గానీ పిల్సున్ చూడనే చూసింది.

"అక్కా, నన్ను తిట్టు. ఆ దెయ్యం..."

"దెయ్యం నన్నేం చెయ్యలేదు. దానికి తిరగడానికి రోజులున్నాయి, సెలవు తీసుకోవడానికి రోజులున్నాయి. మీకే లేవు," అంది పిల్సున్. "చెయ్యి నొప్పెడుతోందని నేనూ చెప్పలేదు. చెప్పాల్సింది."

డోక్‌హీ బకెట్టు నింపింది. చాప్‌స్టిక్ పుల్లకు గుడ్డ చుట్టింది. మధ్యాహ్నం దాకా ఆ రెండు గదులూ ఒక్కతే కడిగింది. పిల్సున్ లేచి ఇది ఇలా కాదే అంటుందని, పుల్ల లాక్కుంటుందని చూసింది. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. ఇంటివాళ్ళలాగే, పని చేసేవాళ్ళకి అడ్డం రాకుండా కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. నడుమ ఒకసారి పేపరు కప్పులో కాఫీ కలిపి ఎడమచేత్తో అందించింది. వంటింటి అరుగు మీద కుక్కర్ ఉంది. గులాబీరంగు గుడ్డ ఉతికి, మడిచి, దాని పక్కన పెట్టి ఉంది.

అంతా అయ్యాక డోక్‌హీ బూట్లు తొడుక్కుంది. పిల్సున్ గుమ్మం దాకా వచ్చి, కట్టున్న చెయ్యి పొట్టకి ఆనించి, తలవంచింది.

"చాలా శ్రమపడ్డారు ఓనరుగారూ. జాగ్రత్తగా వెళ్ళండి."

ఆరేళ్ళ అలవాటు కొద్దీ డోక్‌హీ నడుం దానంతటదే వంగింది. మంచి రోజున దిగుతున్నారన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. వంచిన తల ఎత్తడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అప్పటికి తలుపు వేసి ఉంది. రెండు బకెట్లూ తానే పట్టుకుని మూడంతస్తులు దిగింది.