షాఫ్ట్ గేటు దగ్గర విన్న ఇంగ్లీషు మాట

నా చిన్నప్పుడు, బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో కాళ్ళ కింద నేల అదిరితే పెద్దవాళ్ళు ముందు గడియారం వైపు చూసేవారు. ఏ షిఫ్టు లోపల ఉంది, అందులో ఎవరి మనిషి ఉన్నాడు అన్నదే వాళ్ళ మొదటి ఆలోచన. గనిలో ఎక్కడో లోతున బండ పగిలితే పైన మా ఇళ్ళలో గిన్నెలు దొర్లేవి. చిన్న అదురైతే మళ్ళీ పనుల్లో పడిపోయేవాళ్ళం. ఆ మధ్యాహ్నం వచ్చింది చిన్నది కాదు. మా అంగడిలో రాగుల డబ్బా బోర్లా పడింది. వెంటనే సైరన్ మోగింది.

పక్కింటి అక్క వాళ్ళ నాన్న ఆ షిఫ్టులోనే దిగాడు. తల్లి లేని ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. అక్క బడిలో ఇంగ్లీషు చెప్పేది. మడత నలగని చీర, తల వంచని నడక. ఎంత ఇబ్బందిలోనూ ఎవరినీ ఏదీ అడగదని మా అమ్మ ఆమెను మెచ్చుకునేది. అలాంటి అక్క ఆ రోజు చెప్పులు లేకుండా గని వైపు పరుగెత్తింది. మా అమ్మ నా చేతికి నీళ్ళ చెంబు ఇచ్చి, అక్కను ఒంటరిగా వదలొద్దని ఆమె వెంట పంపింది.

గని బావిని మేము షాఫ్ట్ అనేవాళ్ళం. దాని గేటు మూసి ఉంది. బయట ఆడవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. అందరి కళ్ళూ షాఫ్ట్ పైనున్న పెద్ద చక్రం మీదే. అది తిరిగితే మనుషులు పైకి వస్తున్నట్టు. అది తిరగడం లేదు. మా వీధి చివరింటి అత్త నా పక్కనే నిలబడి, భర్త ఆ పొద్దున సద్దిముద్ద సగం వదిలేసి వెళ్ళాడని పదే పదే చెప్పుకుంటోంది. కావలివాడిని ఎంత అడిగినా తనకేమీ తెలియదన్నాడు.

చాలాసేపటికి లోపలి నుంచి ఒక ఆఫీసరు గేటు దాకా వచ్చాడు. మన తెలుగువాడే. గని అడుగు నుంచి ఫోన్లో కబురు వచ్చిందని, అయితే అంతా తేలేదాకా ఏదీ చెప్పకూడదని పైవాళ్ళ మాట అని అన్నాడు. వెనక్కి తిరగబోయాడు. అప్పుడు అక్క గుంపును తోసుకుంటూ ముందుకు పోయి, అక్కడి బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, గేటు సందులోంచి కొంగు చాచింది. పెద్దవాళ్ళెవరూ అలా చేయడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆఫీసరు ఆమెను గుర్తుపట్టినట్టున్నాడు. ఇబ్బందిగా, మెల్లగా ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అందులో ‘డిమీన్’ అనే ఒక్క మాటే నా చెవిన నిలిచింది. అది వినగానే అక్క ముఖం ఎర్రబడిందిగానీ ఆమె లేవలేదు.

“నా మర్యాద సంగతి ఇంగ రేపు చూసుకుంటాను సార్,” అంది తెలుగులోనే. “ఈ పొద్దు మావాళ్ళు యాడ ఉండారో చెప్పండి. తెలిసినంత చాలు.”

ఆయన ఆమెనూ వెనకున్న ఆడవాళ్ళనూ చూశాడు. తర్వాత గేటు కమ్మీలు పట్టుకుని, క్షేమంగా ఉన్నట్టు తెలిసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పాడు. పేరు వినిపించిన ప్రతిసారీ గుంపులో ఒకరు కింద కూలబడేవారు. అక్క నాన్న పేరు వచ్చింది. వీధి చివరింటి అత్త భర్త పేరు రాలేదు.

పొద్దు వాలుతుండగా చక్రం తిరిగింది. ఒళ్ళంతా రాతి పొడితో అక్క నాన్న బయటికి వచ్చాడు. అక్క ఆయన రెండు చేతులూ పట్టుకుని, వేళ్ళు తడిమి చూసి, కళ్ళకు అద్దుకుంది. ఆయనను ఇంటికి తీసుకుపొమ్మని నాకు చెప్పి, తను వెనక్కి వెళ్ళి ఆ అత్త పక్కన నేల మీద కూర్చుంది. నాన్న దొరికాక కూడా ఇంటికి ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. ఆ అత్త భర్త ప్రాణాలతో రాలేదు. ఆ సంగతి తెలిసేదాకా అక్క అక్కడినుంచి కదలలేదట.

ఊరు కాస్త తేరుకున్నాక ఒక సాయంత్రం, డిమీన్ అంటే ఏమిటని అక్కనే అడిగాను. ఆమె ముఖం మళ్ళీ ఎర్రబడింది. అడగకూడనిది అడిగానేమో అని భయపడ్డాను.

“మర్యాద పోగొట్టుకునేది, దిగజారేది అని ఒక అర్థం పాపా,” అంది. “మీన్ అంటే నీచం. దాంట్లోంచి పుట్టింది. ఆయన అన్నది అదే. సదువుకున్నదానివి, ఇట్ల దిగజారొద్దు అని. ఆయనా చెడ్డోడు కాదులే. నాకైతే ఒళ్ళు మండింది.”

తర్వాత ఇంకో సంగతీ చెప్పింది. అలాగే పలికే మాట ఇంకొకటి ఉందట, అంతకంటే పాతది. ఫ్రెంచివాళ్ళ నుంచి వచ్చిందట. దాని మూలం వెతుక్కుంటూ పోతే మందను తోలుకుపోవడం, నడిపించుకుపోవడం అనే అర్థం దొరుకుతుందట. అందులోంచే, మనిషి తనను తాను ఎలా నడుపుకుంటాడు అనే అర్థం వచ్చిందట. మనం నడక నుంచి నడత, నడవడిక అనుకున్నట్టే. ఒకప్పుడు ఇంగ్లీషులో ఆ మాటతో మనిషిని మెచ్చుకోవచ్చునట. రెండూ ఒకేలా పలకడంతో రానురాను పాత అర్థం మరుగున పడిందట.

“గేటు కాడ నాకు ఇవేవీ గుర్తుకు రాలేదు,” అంది. “మా నాయన ఒక్కడే గుర్తుండాడు. ఇంటికొచ్చి ఆలోచిస్తే అనిపించింది, నేను దిగజారలేదు, నడుచుకోవాల్సినట్టే నడుచుకున్నాను అని.”

ఇప్పుడు నాకు మనవలున్నారు. ముళబాగిలులో ఉంటున్నాను. బతుకులో నేనూ కొన్ని గేట్ల ముందు నిలబడ్డాను. మా ఆయన ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చుని, లోపల ఏం జరుగుతోందో చెప్పమని వచ్చిన ప్రతి డాక్టరుకూ చేతులు జోడించాను. మీ వయసుకు ఇది బాగుండదని ఎవరో అన్నారు. నాకు కోపం రాలేదు. నా పక్కన ఇంకో ఆడమనిషి, తన కొడుకు కోసం, ఎవరినీ అడగలేక మూగగా కూర్చుని ఉంది. ఆమె కొడుకు పేరు కనుక్కుని, ఈసారి తలుపు తెరుచుకున్నప్పుడు ఇద్దరి గురించీ అడిగాను.