మమ్మల్ని దవాఖాన దాకా తీసుకెళ్లిన నస్రీన్ ఆపా

నిన్న పొద్దున కంపెనీ బస్సులో ఉండగా ఇమ్రాన్ ఫోన్ చేశాడు.

"అన్నా, అమ్మీ పోయింది."

ఎక్కడికి అని అడిగాను.

నిజంగానే అడిగాను. మొన్న సాయంత్రమే కదా మాట్లాడింది. కాళ్లు గుంజుతున్నాయని, ఎండ ఎక్కువైందని ఏదో చెప్పింది. అవతల ఇమ్రాన్ ఏడ్చేశాడు.

అప్పుడు అర్థమైంది.

బ్రెయిన్ స్ట్రోక్. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది.

ఆమె ఎవరో తెలియని ఫ్రెండ్స్ కోసం రాస్తున్నాను.

నస్రీన్ ఆపా, అంటే నస్రీన్ అక్క, ఇస్నాపూర్‌లో మా ఇంటి ఓనర్. ఫార్మా కంపెనీలో కెమిస్ట్‌గా జాబ్ వచ్చి జోగిపేట నుంచి వచ్చినప్పుడు, ఆమె ఇంటి పైన రూమ్‌లో కిరాయికి దిగాను. భర్త లేడు. ఒక్కడే కొడుకు, ఇమ్రాన్.

ఇమ్రాన్ పాలిటెక్నిక్ మధ్యలో వదిలేశాడు. ముందు గంజాయి, తర్వాత మత్తు బిళ్లలు. ఇంట్లో ఫ్యాన్ కూడా అమ్మేశాడు. గల్లీలో అందరికీ తెలుసు. ఎవరూ ఆమె ముందు మాట్లాడరు, అంతే.

బంధువులు చెబితే హైవే పక్కన ఒక ప్రైవేట్ డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించింది. కొన్ని నెలలు చూడటానికి రావొద్దన్నారు. ఆమె వల్ల కాలేదు. ఒక ఆదివారం నన్ను తోడు రమ్మంది.

గేటు దగ్గర చాలాసేపు కూర్చోబెట్టాక ఇమ్రాన్‌ను తీసుకొచ్చారు. గుండు కొట్టి ఉంది. చేతుల మీద కమిలిన గుర్తులు. తల్లిని చూసి కూడా తలెత్తలేదు. అడక్కుండా నీళ్లు తాగాడని కొట్టారట. అది తర్వాత చెప్పాడు.

ఆపా ఏడవలేదు. వాడి బట్టల సంచీ తెమ్మంది.

మేనేజర్‌కు కోపం వచ్చింది. తీసుకుపోతే మళ్లీ మొదలుపెడతాడు, అప్పుడు మా దగ్గరికి రావొద్దు అన్నాడు.

"మొదలువెడ్తడు గావచ్చు," అంది ఆపా. "అప్పుడు మల్ల సర్కారు దవాఖానకు తీస్కపోత. ఈడికి మాత్రం తేను."

అతను అన్నట్టే ఇమ్రాన్ మళ్లీ మొదలుపెట్టాడు. తను అన్నట్టే ఆపా దవాఖానకు తీసుకెళ్లింది.

ఇది ఒక్కసారితో అయ్యే పని కాదు ఫ్రెండ్స్. బస్సు, సైకియాట్రీ ఓపీ లైన్. ఒకరోజు డాక్టర్ ఉండరు, ఇంకోరోజు మందులు ఉండవు. డాక్టర్ మారితే కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. కొన్నాళ్లు బాగుంటాడు, మళ్లీ పడిపోతాడు. దర్గాలో తాయెత్తు కట్టించమన్నారు బంధువులు. అదీ కట్టించింది, బిళ్లలూ మింగించింది.

ఆ మధ్యలోనే నాకూ అయింది.

నైట్ షిఫ్టులతో మొదట నిద్ర దూరమైంది. తర్వాత డ్యూటీకి లేవడం మానేశాను. స్నానం చేయబుద్ధి కాదు, వండుకోబుద్ధి కాదు. ఊరికే గుండె దడ. ఇంటికి చెబితే బద్ధకం అంటారని చెప్పలేదు.

ఆపా పైకొచ్చి తలుపు కొట్టింది. గదిని ఓసారి చూసింది. ఏమైందని అడగలేదు. రొట్టె, పప్పు పెట్టి, నేను తినేదాకా గుమ్మంలో కూర్చుంది.

"రేపు ఇమ్రాన్‌ను తీస్కొని దవాఖానకు పోతున్న. నువ్వు గూడ రా శ్రీనూ."

నాకేం పిచ్చి లేదు ఆపా అన్నాను.

"వానికి గూడ లేదు బేటా. ఇద్దరు జెర పరేషాన్ల ఉన్నరు. పరేషాన్‌కు గూడ డాక్టర్ ఉంటడు."

మర్నాడు ఆ ఓపీ బయట మాస్క్ పెట్టుకుని తల దించుకుని కూర్చున్నాను. మా కంపెనీలో లేబర్ మేస్త్రీ యాదయ్య వేరే పని మీద వచ్చి, నన్ను చూసి ఆగాడు. ఇక్కడేంది సార్ అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, పిల్లగానికి నిద్ర పడతలేదు, మనసు బాగలేదు, అందుకే తెచ్చిన అని ఆపా అందరికీ వినబడేలా చెప్పేసింది.

నాకు అక్కణ్నుంచి లేచి పారిపోవాలనిపించింది.

కొన్నాళ్లకు యాదయ్య నన్ను క్యాంటీన్ వెనక్కి పిలిచాడు. అటూ ఇటూ చూసి మెల్లగా అడిగాడు.

"ఆ డాక్టర్ ఏ రోజు కూసుంటడు సార్? మా పిల్ల ఎవ్వలితోని మాట్లాడ్తలేదు."

వాళ్లమ్మాయిని కూడా ఆపానే తీసుకెళ్లింది. ఆ తర్వాత ఇంకా ఎవరెవరో తల్లులు వచ్చేవారు. తన బీపీ బిళ్లలు మాత్రం అయిపోతే తెచ్చుకునేది కాదు. గట్టిగా అడిగితే నవ్వేది.

ఇప్పుడు ఇమ్రాన్ బైక్ మెకానిక్ షెడ్‌లో పనిచేస్తున్నాడు. చాలాకాలంగా మత్తు జోలికి పోలేదు. అది ఆమె చూసింది. అంతవరకు సంతోషం.

నిన్న ఖబ్రస్తాన్‌లో మట్టి వేసి వస్తుంటే, ఒక పెద్దాయన పక్కవాళ్లతో, కొడుకు రందితోనే, ఆ దిగులుతోనే పోయింది పాపం అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఇమ్రాన్‌కు వినబడింది.

గోడ పక్కకు వెళ్లి నిలబడ్డాడు. నేనూ వెళ్లాను.

"అన్నా, నా రందికేనా?"

"బీపీరా. డాక్టర్ చెప్పంగ నువ్వు గూడ విన్నవ్ గదా."

నమ్మినట్టు అనిపించలేదు. జేబులోంచి ఖాళీ బిళ్లల అట్ట తీసి చూపించాడు.

"నా బిళ్లలు అయిపోయినయ్. రేపు పోవాలె. ఇంట్ల చుట్టాలు వద్దంటున్నరు. గని నాకు భయమైతుంది అన్నా. దిమాగ్ మల్ల అటే గుంజుతుంది."

ఆ మాట పైకి అనడం ఎంత కష్టమో నాకు కొంచెం తెలుసు.

అందుకే ఇవాళ ఇద్దరం వచ్చాం. ఓపీ లైన్‌లో కూర్చునే ఇది రాస్తున్నాను. తల్లి పోయిన మర్నాడే బయట తిరుగుడేందని వాళ్లింట్లో కోపంగా ఉన్నారు. ఇమ్రాన్ నిన్నటి బట్టల్లోనే ఉన్నాడు. రాత్రి ఏమీ తినలేదు.

లోపల డాక్టర్‌కు ముందు ఏం చెప్పాలని ఇప్పుడే అడిగాడు. అమ్మీ పోయిందని చెప్పు, మిగతాది ఆ తర్వాత చెబుదాం అన్నాను. తలూపాడు.

మా ముందు ఇంకా చాలామంది ఉన్నారు. ఎక్కువమంది పిల్లలే. పక్కన ఒక్కొక్క తల్లి.

పోయిరా ఆపా. చాలా అలిసిపోయావు. నీ కొడుకు దగ్గర నేనున్నాను. నువ్వున్న చోట నీకు నిమ్మళం దొరకాలి.