ఇరవై టర్ముల సారు

మొన్న కరీంనగర్‌లో మా కాలేజీ ల్యాబులో ఒక అమ్మాయి కంప్యూటర్ చేత ఒక ఇంటిగ్రల్‌కు సిరీస్ వేయిస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఓపిక ఎక్కువ. ఒకదాని మీద ఒకటి కలుపుతూ పోయే అంకెలు, అంటే టర్ములు, ఎన్ని అడిగితే అన్నీ మొహం చిట్లించకుండా ఇస్తుంది. "సార్, ఇంకిన్ని పెంచాల్నా? అప్పుడు కరెక్టొస్తది గద" అని ఆ పిల్ల అడగగానే నాకు మా రీసెర్చి గైడు సారు గుర్తొచ్చారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన దగ్గర నాకంటే ముందు చేరిన అక్క ఒకామె ఉండేది. మందమర్రి బొగ్గుబాయి కార్మికుడి కూతురు. ఆమె పట్టుకున్న సిరీసుల తీరు వేరు. మొదట చిన్నవవుతూ వచ్చే కొన్ని టర్ములు కలిపేసరికి జవాబు అసలు విలువకు బాగా దగ్గరికొస్తుంది. అక్కడ ఆపకుండా కలుపుతూ పోతే టర్ములు ఉబ్బిపోయి, వచ్చిన జవాబు కూడా చెడిపోతుంది. ఎక్కడ ఆపాలన్నదే ఆమె పరిశోధన. సారు లెక్కలో మాత్రం ఐదు టర్ములంటే బద్ధకం, ఇరవై అంటే శ్రద్ధ.

థీసిస్‌కు ఒప్పుకోలు దొరకాల్సిన సెమినార్‌లో, కంప్యూటర్ ముందు కూర్చున్న అక్కతో సారు అందరి ముందూ, "ఇరవై కొట్టు" అన్నారు.

"గిది గట్ల కాదు సార్. అన్నిట్ల చిన్న టర్ము కాడనే ఆపాలె, దాటితే పాడైతది."

"ఎంత ఎక్కువైతే అంత మంచిగుంటది. నాకు చెప్తున్నవా? కొట్టు."

కొట్టింది. ఒకటి లోపు ఉండాల్సిన జవాబు వేలల్లోకి పోయింది. సారు కుర్చీలో వెనక్కి వాలి, "మీ బాపు బాయిలకు దిగి మళ్ళ పైకొస్తుండు. నీ జవాబు పోయింది, రాలే" అన్నారు. హాలంతా నవ్వింది. ఆమె చెప్పబోయింది కానీ నవ్వు ఆగలేదు. సంతకం పడలేదు, డిగ్రీ రాలేదు. అక్క మెట్‌పల్లిలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది.

చాలా ఏళ్ళకు సారుకు సన్మానం చేశాం. గొంతు బాగుంటుందని యాంకరింగ్ అక్కకే అప్పగించారు. మాట పొడుగైతే చిట్టీ అందించి ఆపడం ఆమె పని. సారు మొదట నాలుగు మాటలు ఎంత బాగా చెప్పారంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఆగలేదు. తోటి లెక్చరర్లను తిట్టారు. ముఖ్య అతిథికి డిగ్రీలో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పారు. అల్లుడి తాగుడు కూడా చెప్పేశారు. జనం బగారా అన్నం వైపు జారుకుంటున్నారు. ముందు వరుసలోంచి సారు భార్య ఆపమని అక్కకు చేతులు ఊపుతోంది.

"జర చిట్టీ ఇయ్యరాదు అక్కా, సారు ఇజ్జత్ పోతది" అన్నాను.

చిట్టీ ఆమె పిడికిట్లోనే ఉంది. "ఆగు తమ్మీ. ఎంత ఎక్కువైతే అంత మంచిగుంటదని సారే చెప్పిండు గద."

చివరికి సారు భార్యే స్టేజీ ఎక్కి మైకు లాక్కుంది. సారు ఖాళీ చేతిని చూసుకుంటూ ఇంకా ఏదో అంటూనే ఉన్నారు. హాలు నవ్వింది. అక్క నవ్వలేదు. చిట్టీని చింపి, సంచిలో వేసుకుంది.

ల్యాబులో అమ్మాయి వేలు కీ మీదే ఉంది. "చాలు బిడ్డా, ఆపు" అన్నాను. ఇన్నేళ్ళలో సాఫ్ట్‌వేర్లు మారాయి, మా జుట్టు నెరిసింది. ఆ సెమినార్ హాలు నవ్వు మాత్రం రవ్వంతైనా పాతబడలేదు.