ఆ పిల్ల తలమీద చేసిన ప్రార్థన

నేను చేసిన ప్రార్థనల్లో ఒకటి అబద్ధం. ఏళ్ళుగా దాన్ని మోస్తున్నాను. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా ఆ మాట దగ్గరికి రాగానే దాటేసి ఇంకేదో అడుగుతాను. అందుకే మీకు చెబుతున్నాను.

మేడ్చల్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. మా చర్చి సంఘంలో పెద్దను కూడా. ఆ రోజు పాఠం బోరాన్ కుటుంబం. ఎలక్ట్రాన్లను వదులుకుని ఎదుటిదానికి ఇచ్చే గుణాన్ని క్షయకరణ శక్తి అంటాం. కాల్షియం ఉన్న కుటుంబంలో కిందికి వెళ్ళేకొద్దీ అది పెరుగుతుంది. ఆ పాఠం అప్పుడే ముగించిన అలవాటులో ఇక్కడా పెరుగుతుందని బోర్డు మీద బాణం గీశాను.

మా సంఘంలోని పిల్లే ఒకామె లేచింది.

"సార్, గీడ తగ్గుతది గద. మీదున్న అల్యూమినియంకే ఎక్కువ, అడుగునున్న థాలియంకు తక్కువ."

"ఓహో! ఇగ నువ్వే చెప్పమ్మా పాఠం. నేనొచ్చి నీ జాగల కూసుంట."

క్లాసంతా నవ్వింది. విరామంలో పుస్తకం తెరిచాను. ఆమె చెప్పిందే నిజం. థాలియం తన బయటి ఎలక్ట్రాన్లలో రెండింటిని గట్టిగా పట్టుకుంటుంది. మూడూ ఇచ్చేయడం దానికి కష్టం. తిరిగి వెళ్ళి ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. వెళ్ళలేదు. మరునాడు చెబుదామనుకున్నాను. మరునాడు తర్వాతి పాఠం మొదలుపెట్టాను.

ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళమ్మ ఆమెను నా ముందుకు తెచ్చింది.

"మీకే ఎదురు జెప్పిందంట గీ పొల్ల. మస్తు గర్వమొచ్చింది. జర తలమీద చెయ్యి వెట్టి ప్రార్థన జేయుండ్రి సార్."

ఆ పిల్ల కళ్ళెత్తలేదు. "తప్పయింది సార్" అంది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెయ్యి పెట్టాను. ఈ బిడ్డలోని గర్వాన్ని తీసేయమని ప్రభువును అడిగాను. "ఆమెన్" అంది, నాకంటే గట్టిగా. అబద్ధ సాక్ష్యం పాపమని అక్కడి పిల్లలకు బోధించేవాణ్ణి నేనే. పరువు కోసమా? పెద్దరికం కోసమా? వినయం ఎవరికి లేదో దేవుడికి తెలుసు, నాకూ తెలుసు.

ఆ తర్వాత ఆమె క్లాసులో ఎన్నడూ నోరెత్తలేదు. ఇంటర్ అయ్యాక సైన్స్ వదిలేసింది. ఎందుకని అడిగితే, "నాకు రాదు గద సార్" అని నవ్వింది.

ఇప్పుడు ఆమె మా సండే స్కూల్లో పిల్లలకు చెబుతుంది. మొన్న ఒక చిన్నపిల్ల బైబిల్లో వేలు పెట్టి, "అక్కా, నువ్వు చెప్పినట్టు లేదు, ఈడ గిట్లుంది" అంది. ఆమె పుస్తకం వైపు చూడనైనా లేదు.

"పెద్దోళ్ళకు ఎదురు జెప్పొద్దు బిడ్డా. కండ్లు మూసుకొని ప్రార్థన జేస్కో."

గుమ్మంలో నిలబడి విన్నాను. లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చేశాను. ఆమెకు ఇంకా చెప్పలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను; అది మీ చేతిలో లేదు.

ఆమె చెప్పింది నిజం. నేను చెప్పింది తప్పు, తెలిసి దాచాను. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.