చూడని పాదం

ముందు వినిపించింది బూట్ల చప్పుడు. ఉష వాళ్ళ గరాజ్ ముందున్న సిమెంటు దారి మీద గట్టి మడమలు నడిచి వచ్చి తలుపు దగ్గర ఆగాయి. బెల్ మోగలేదు. మడమలు వెనక్కి వెళ్ళాయి. కాసేపటికి మళ్ళీ వచ్చాయి, ఈసారి మెల్లగా, ఎవరో నిద్రపోతున్న ఇంట్లోకి వస్తున్నట్టు. నేపర్‌విల్‌లో జులై మధ్యాహ్నం. పక్కింటి పచ్చికలో స్ప్రింక్లర్ ఎండని చిన్న చిన్న ముక్కలుగా విరిచి విసురుతోంది.

"అమెజాన్ వాడేమో," అంది ఉష నాతో, టీ కప్పు కింద పెడుతూ.

"అమెజాన్ వాడు ఇంత ఆలోచించడు," అంటూ ఆమె భర్త జగదీష్ వెళ్ళి తలుపు తీశాడు.

గుమ్మంలో ఫెబీ, సెలవు మీద వచ్చినట్టుంది. జీన్స్ వేసుకుంది గానీ కాళ్ళకి అకాడమీ బూట్లే ఉన్నాయి. జుట్టు తలకి అంటుకునేలా ముడి వేసి ఉంది.

నాకు ఈ పిల్ల చిన్నప్పటి నుంచి తెలుసు. మా వెనక వీధిలో ఉండే మోజెస్, లూసీల కూతురు. వాళ్ళది బాపట్ల. ఆయన హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తాడు, ఆవిడ నర్సు. ఒక స్కూల్ జిమ్ అద్దెకి తీసుకుని జరిపే తెలుగు ఆరాధనకి క్రిస్మస్ రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని. ఆరాధన అయ్యాక బిర్యానీ కోసం పిల్లలు తోసుకుంటుంటే, పాలపళ్ళు ఊడిన ఫెబీ చేయి చాచి అందర్నీ వరసలో నిలబెట్టేది. బుడ్డివాళ్ళు ముందు, తను చివర. "ఇది పిల్ల కాదు, ట్రాఫిక్ లైటు," అనేది లూసీ. ఆ ట్రాఫిక్ లైటు పెద్దదై తూర్పున ఒక సైనిక అకాడమీలో చేరింది. మొదటి సెలవులకి వచ్చినప్పుడు కుర్చీ అంచున కూర్చుని, ఎవరో లాగేసుకుంటారన్నట్టు గబగబా తిని లేచింది. మేము నవ్వాం. తనూ నవ్వింది.

ఈ వేసవిలో కొత్తగా చేరిన కేడెట్ల చిన్న దళాన్ని ఆమెకి అప్పగించారు. ఉష కొడుకు అద్వైత్ ఆ దళంలోనే పడ్డాడు. అంత దూరంలో మన వీధి పిల్ల చేతికే వాడు చిక్కడం లాటరీ తగిలినట్టేనని ఉష ఊరంతా చెప్పుకుంది. తీరా శిక్షణ సగంలో ఉండగా వాడి ఎడమ పాదంలో బొబ్బ చీము పట్టి, జ్వరం వచ్చి, ఆపరేషన్ దాకా వెళ్ళింది. ఇప్పుడు వాడు ఇంట్లో సోఫా మీద ఉన్నాడు. వచ్చే వేసవిలో అంతా మళ్ళీ మొదటినుంచి.

"రా తల్లీ. నిలబడ్డావేంటి, కూర్చోవడానికి కూడా ఆర్డర్ కావాలా?" అన్నాడు జగదీష్.

ఆమె నవ్వలేదు. ఆమెని చూడగానే అద్వైత్ దిండు మీద ఉన్న కట్టు కాలుని చటుక్కున కిందికి లాక్కుని మొహం చిట్లించాడు.

"ఒరేయ్, కాలు పైనే ఉంచమన్నాడు కదా డాక్టర్," అంది ఉష.

"అక్క ముందా?"

ఆ మాటకి ఫెబీ చూపు కార్పెట్ మీదికి జారిపోయింది.

ఉష జంతికల పళ్ళెం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "నువ్వు రోజూ చూసుకోబట్టి ఇంతటితో పోయింది ఫెబీ. లేకపోతే కాలే తీసేసేవాళ్ళేమో."

"నేను చూడలేదు ఆంటీ."

పళ్ళెం అలాగే పట్టుకుంది, ఒక్కటీ తీసుకోలేదు.

అకాడమీలో ఒక పద్ధతి ఉందట. సాయంత్రం నడక అయ్యాక కొత్తవాళ్ళందరూ బూట్లు విప్పి నేల మీద కూర్చుంటారు. దళం నాయకురాలు ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, పాదాలు చేత్తో పట్టుకుని చూడాలి. చూశాక పై అధికారికి చెప్పాలి. నాయకత్వం అక్కడ మొదలవుతుందని వాళ్ళకి నేర్పుతారు, పక్కవాడి మడమ దగ్గర.

"అందరివీ చూశా. వీడిది స్కిప్ చేశా."

"అక్కది తప్పు కాదమ్మా," అన్నాడు అద్వైత్. "నేనే చూపించలా. అక్క వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంటే వియర్డ్‌గా ఉంది. అమ్మమ్మ వైపు కాలు చాపితేనే తిడతావు కదా నువ్వు. ఐ యామ్ ఫైన్ అక్కా, ముట్టుకోవద్దు అన్నా. ఓకే అంది."

"ఓకే అని, వెళ్ళి అందరివీ చూశానని రిపోర్ట్ చేశా," అంది ఫెబీ. "రోజూ అంతే."

జగదీష్ కొట్టిపారేసినట్టు చేయి ఊపాడు. "సర్లే, అయిపోయింది. ఇప్పుడెవరు అడుగుతారు?"

"అడిగారు అంకుల్. హాస్పిటల్‌లో ఆఫీసర్లు వీడిని అడిగారు. అక్క రోజూ చూసేది అని చెప్పేశాడు, నా కోసం. అబద్ధం చెప్తే అకాడమీలో ఉండనివ్వరు." ఆమె ఉష వైపు తిరిగింది. "రేపు పొద్దున్నే నేను పై అధికారికి కాల్ చేసి నిజం చెప్తున్నా. అప్పుడు వీడు చెప్పింది కూడా బయటపడుతుంది. నాకంటే ముందు వీడే చెప్పుకుంటే, కొత్తవాడు కాబట్టి ఛాన్స్ ఇస్తారు. అది చెప్పడానికే వచ్చా."

"మరి నీకో?" అన్నాను నేను.

"నాకు ఇవ్వకపోవచ్చు ఆంటీ."

ఉష గొంతు పెరగలేదు. "మోకాళ్ళ మీద కూర్చోవాల్సిన రోజు కూర్చోలేదు. ఇప్పుడు మా ఇంటికొచ్చి, నీ మనసు తేలికపడడానికి మా వాడి సీటు అడుగుతున్నావా? ఆదివారం మీ నాన్న చర్చిలో నిన్ను ముందు నిలబెట్టి ప్రార్థన చేయిస్తున్నాడు, తెలుసా?"

"తెలుసు ఆంటీ. నాన్నకి ఇంకా చెప్పలేదు."

తప్పు జరిగితే 'సాకు లేదు' అని జవాబివ్వడం కేడెట్లకి మొదటి రోజే నేర్పుతారు. ఫెబీ ఆ మాట కూడా వాడుకోలేదు. ఉష మాటలన్నిటినీ వానలో నిలబడ్డ చెట్టులా ఒంటి మీదకి తీసుకుంది. అద్వైత్ ఎవరి వైపూ చూడకుండా ఫోన్‌ని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు, ఇటు అద్దం, అటు వీపు. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టి, "వెళ్ళొస్తా ఆంటీ," అంది. ఉష పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

కారు దాకా నేను వెళ్ళాను. ఎండ తగ్గలేదు. వీధిలో ఎవరి నీడ వాళ్ళ కాళ్ళ కిందే ఇరుక్కుని ఉంది.

"వాడు వద్దన్నాడు కదా, నువ్వు మాత్రం ఏం చేస్తావు," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"అది కాదు ఆంటీ. అక్కడ అందరికీ నేను సార్జెంట్‌ని. వీడొక్కడే అక్కా అన్నాడు. నా ముందు కాళ్ళు దాచుకున్నాడు. నాకు... అది నచ్చింది. పెద్దదాన్ని అయిపోయినట్టు. వాడు కుంటుతుంటే కనపడింది. అయినా మళ్ళీ వద్దంటాడేమో చూద్దామని వెళ్ళేదాన్ని. అనేవాడు. నేను హ్యాపీగా లేచి వచ్చేసేదాన్ని."

ఆమె కారు ఎక్కి, అద్దం దించి, స్టీరింగ్ వైపు చూస్తూ అంది:

"వాడు ఫోన్ చేశాడో లేదో నాకు చెప్పకండి ఆంటీ. చేయలేదని తెలిస్తే, పాపం వాడి కోసం అని చెప్పి నేనూ ఆగిపోతాను."