చిన్నాన్న పడిపోయిన వంతెన

కాసాయి నది మీద ఉన్న పాత రైలు వంతెనని ఉంచాలా, విప్పెయ్యాలా అని ఖరగ్‌పూర్‌లో కొన్నాళ్ళు పెద్ద తగువే నడిచింది. ఊరు ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది. మా ఇల్లు మాత్రం దానితో రెండు ముక్కలైంది. మళ్ళీ అతకలేదు.

మాది శ్రీకాకుళం వైపు. తాత కాలంలోనే రైల్వే పనికి వచ్చి ఇక్కడ ఉండిపోయాం. మా నాన్న వంతెనల గ్యాంగులో మిస్త్రీ. ఆయన తమ్ముడు, మా చిన్నాన్న, అదే గ్యాంగులో ఇనప దూలాలని బిగించే రివిట్లు కొట్టేవాడు. పూరీ గేటు దగ్గర రెండు గదుల క్వార్టరులో నాన్న, అమ్మ, నేను, చిన్నాన్న, పిన్ని కలిసి ఉండేవాళ్ళం. చిన్నాన్న ఎంత బాగా బెంగాలీ మాట్లాడేవాడంటే, ఇందా పేట బజారులో కొట్లవాళ్ళు ఆయన్ని తమ మనిషే అనుకుని బేరం తగ్గించి ఇచ్చేవారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి నవ్వేవాడు. పిన్నికి పెళ్ళై వచ్చేనాటికి బెంగాలీ ముక్క రాదు. ఆయనే రోజుకో మాట నేర్పేవాడు, అది తప్పు పలికితే రోజంతా ఏడిపించేవాడు.

వానాకాలంలో ఒక రోజు ఆ వంతెన మీద పని పడింది. పెద్దసాహెబు తనిఖీకి వస్తున్నాడు, ఈలోగా వదులైన రివిట్లన్నీ మార్చెయ్యమని పైనుంచి ఒత్తిడి. ఆ రోజు పరంజా ఎక్కాల్సిన మనిషి జ్వరంతో రాలేదు. నాన్న తమ్ముణ్ణి ఎక్కమన్నాడు. తడిసిన చెక్క జారింది. కింద నది నిండా ఎర్రటి నీళ్ళు. గ్యాంగు వాళ్ళు పడవలు కట్టించుకుని కిందికంటా వెతికారు. చిన్నాన్న దొరకలేదు.

శవం లేదు గనక దర్భలతో బొమ్మ చేసి, దాన్ని కాల్చారు. పిన్ని ఆ బొమ్మ వంక చూడలేదు. "ఇది ఆయన కాదు" అంది అమ్మతో, అంతే. తరవాత ఆఫీసువాళ్ళు ఆమెకి వర్క్‌షాపులో నీళ్ళు పోసే పని ఇచ్చారు. ఇరవై ఏళ్ళైనా నిండని మనిషి, ఇత్తడి బిందె చంకనెట్టుకుని మొగుడి తోటివాళ్ళందరికీ నీళ్ళు పోస్తూ తిరిగేది.

మా ఇళ్ళలో తమ్ముడి పెళ్ళాం బావగారితో ఎదురుగా నిలబడి మాట్లాడదు. పిన్నీ అంతే. నాన్నకి ఏదైనా చెప్పాలంటే గుమ్మం పక్కన నిలబడి నాతో అనేది. "మీ నాన్నకి సెప్పమ్మా, బియ్యం అయిపోనాయని." నాన్న నాకేసి చూసి జవాబు చెప్పేవాడు. "రేపు తెస్తానని సెప్పు." ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. చిన్నాన్న పోయాక కూడా అది అలాగే సాగింది. పరంజా ఎక్కమన్నది తనేనని నాన్న ఎన్నడూ ఎత్తలేదు. పిన్నీ ఎత్తలేదు. అమ్మ నా చెవిలో చెబితే నాకు తెలిసింది.

నది అవతలి పల్లెనుంచి ఒక బెంగాలీ ఆవిడ మురీ, అంటే మరమరాలు, గంపలో పెట్టుకుని మా వీధికి వచ్చి అమ్మేది. ఆ పల్లెలవాళ్ళందరికీ ఊళ్ళోకి తోవ ఆ వంతెనే. పట్టాల పక్కన చెక్కలు పరిచి ఉండేవి, వాటి మీద నడిచి వచ్చేవారు. పిన్ని ఆవిడని దీదీ అనేది. మహాలయ అమావాస్యనాడు బెంగాలీలు నదికి వెళ్ళి పోయినవాళ్ళకి నీళ్ళు వదులుతారని దీదీయే చెప్పింది. మొదటిసారి ఆమే పిన్నిని వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. అప్పటినుంచి ఏటా ఆ పొద్దున్న పిన్ని అన్నం వండి, చిన్నాన్నకి ఇష్టమైన ఎండుచేపల పులుసు కాచి, వంతెన మీద ఆయన జారిన చోటికి వెళ్ళి నీళ్ళలోకి వదిలేది. అమ్మకి అది నచ్చేది కాదు. తద్దినం రోజున నీసు ఏమిటని గొణిగేది. పిన్ని వినేది కాదు.

నేను పెద్ద క్లాసులకి వచ్చేసరికి ఆ వంతెన పక్కనే కొత్తది కట్టారు. బళ్ళన్నీ దాని మీదకి మళ్ళాయి. పాతదాన్ని ఏం చెయ్యాలన్న మాట అప్పుడొచ్చింది. అవతలి పల్లెలవాళ్ళు దాన్ని తమ కాలినడకకి వదిలెయ్యమన్నారు. ఇందాలోని ప్లీడర్లు, మాస్టర్లు కొందరు, అది తాతలనాటి కట్టడం, అలాంటి పని ఇక ఎవరూ చెయ్యరు, నిలిపి ఉంచాలన్నారు. ఆఫీసు మాత్రం, బాగు చేస్తూ ఉండే ఖర్చు ఎవరిదని అడిగింది. ఇనుము విప్పి తీసుకుపోతే సరి అంది.

ఒక సాయంత్రం అన్నాల దగ్గర నాన్న ఆ మాట ఎత్తాడు. "విప్పీడమే మంచిది. నన్నడిగితే అదే సెప్తాను."

పిన్ని గుమ్మం దగ్గర ఉంది. "మీ నాన్నకి సెప్పమ్మా, అది ఆయనకి ఏటి అడ్డం వొచ్చిందో" అంది.

నాన్న ముద్ద కలుపుతూ ఆగాడు. "మనిషిని మింగీసిన దాన్ని ఇంకా ఎందుకు నిలబెట్టడం? రోజూ అటేపు పనికి ఎల్లిన పెతీసారీ అది నాకు కనపడాలా?"

"నాకు కనపడాల" అంది పిన్ని. "కాష్టం నేదు, బూడిద నేదు. నాకు అదొక్కటే ఉన్నాది."

నేను మధ్యలో కూర్చున్నాను. ఎవరి మాటా ఎవరికీ అందించలేదు. అందించాల్సిన పని లేకపోయింది.

కొన్నాళ్ళకి ఆఫీసువాళ్ళు ఒక హాల్లో మీటింగు పెట్టి, ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చన్నారు. మా వీధి మొత్తం వెళ్ళింది. అమ్మా నేనూ ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. పల్లెలనుంచి జనం వచ్చారు, దీదీ కూడా వచ్చింది. పిన్ని ఆ రోజు అక్కడ డ్యూటీలో ఉంది, గ్లాసులతో నీళ్ళు అందిస్తోంది. ముందు ఒక మాస్టరు లేచి ఆ వంతెన అందం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆయన దాని మీద ఎన్నడూ నడిచి ఉండడు. తరవాత పల్లె పెద్ద ఒకతను లేచి, వంతెన పోతే పడవ తప్ప తమకి గతి లేదన్నాడు. కొత్త వంతెన పక్కన నడిచేవాళ్ళకి వేరే దారి వేస్తామని ఇంజనీరు సాహెబు అందరి ఎదుటా మాటిచ్చాడు. అప్పుడు పాతదాని గురించి బాగా ఎరిగినవాడని నాన్నని పిలిచాడు.

నాన్న లేచాడు. నోరు తెరవకముందే, నీళ్ళ ట్రే బల్ల మీద పెట్టి పిన్ని ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది. ముసుగు సర్దుకుంది. నా ఎరికలో ఆమె నాన్నతో ముఖాముఖి మాట్లాడటం అదే మొదలు.

"బావగారూ, ఆయన్ని పైకి ఎక్కించింది మీరు. దింపినోళ్ళు ఎవుళూ నేరు. మనిషి దిగకండానే మీరు దాన్ని విప్పీస్తారా?"

గొంతు పెంచలేదు. మా తెలుగువాళ్ళంతా నాన్న వైపు తిరిగారు. మిగతావాళ్ళకి అర్థం కాలేదు. ఇంజనీరు సాహెబు తెలుగు ఎరగడు. "ఏమంటోంది ఈమె?" అని నాన్ననే హిందీలో అడిగాడు.

నాన్న, "ఏం లేదు సాహెబ్, వంతెన ఉంచమంటోంది" అన్నాడు.

"ఎందుకట?"

"అలవాటు పడిపోయింది సాహెబ్."

సాహెబు తలూపాడు. కొందరు నవ్వారు కూడా. పిన్నికి అప్పటికి హిందీ బాగా తెలుసు. ఆమె ముఖంలో నేను చూసింది కోపమైతే బాగుండేది. ఆమె నాన్నని, దారిన పోయే మనిషిని చూసినట్టు చూసింది. తరవాత ట్రే తీసుకుని మళ్ళీ నీళ్ళు అందించడానికి వెళ్ళింది. డ్యూటీ కదా.

నాన్న తన మాట చెప్పాడు. గర్డర్లు తుప్పు తిన్నాయనీ, నీళ్ళలో పిల్లర్లు బీటలిచ్చాయనీ, ఎవరి మీదైనా కూలొచ్చనీ. ఆయన పక్కన పనిచేసిన ఇంకో మిస్త్రీ బయటికొచ్చాక అమ్మతో అన్నాడు, "మనుషులు నడవడానికైతే ఇంకో తరం నిలుస్తాది వొదినా. ఆయన అలగ ఎందుకు సెప్పినాడో." నాన్న చెప్పింది ఇనుము సంగతో, తన కడుపులో సంగతో నాకు ఈనాటికీ తెలీదు. ఆయన్ని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

విప్పే పని నాన్న గ్యాంగుకే వచ్చింది. మొదటి గర్డరు దించిన రోజునే పిన్ని తన పెట్టె సర్దుకుంది. మలంచా పేటలో ఒక బెంగాలీ ఇంటి వెనక గది అద్దెకి తీసుకుంది. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోయింది. "తిండి మానీలేను అక్కా, ఈ ఇంట్లో తినడం మానీగల్ను" అంది పిన్ని. నాన్న డ్యూటీనుంచి వచ్చి ఖాళీ మూల చూశాడు.

ఇనుమంతా వ్యాగన్లకెక్కి స్క్రాపుగా పోయింది. పిల్లర్లు పగలగొట్టడానికి చాలా ఖర్చవుతుందని వాటిని నదిలోనే వదిలేశారు. ఉంచమన్నవాళ్ళకి వంతెన మిగల్లేదు, తీసెయ్యమన్న మా నాన్నకి అది కళ్ళముందునుంచి పోలేదు. మాస్టర్లు, ప్లీడర్లు ఇంకో తగువులో పడ్డారు. ఇంజనీరు సాహెబు బదిలీ మీద వెళ్ళిపోయాడు. కొత్త వంతెన పక్కన నడిచే దారి మాత్రం రాలేదు. ఈ ఏడు, వచ్చే ఏడు అంటూ వచ్చారు. వానల్లో పడవ నడవదు. పల్లెలవాళ్ళు ఏం చేస్తారు, పట్టాల మీదే నడిచారు. గార్డులు తరిమితే పరుగెత్తారు, మళ్ళీ నడిచారు.

దీదీ గంపతో అలాగే వచ్చేది. నెత్తిన బరువు, వెనక్కి తిరిగి చూడ్డానికి లేదు. ఒక ముసురు పొద్దున్న గూడ్సు బండి ఆమెని వంతెన మధ్యలో కొట్టేసింది.

ఆ మధ్యాహ్నం పిన్ని మా ఇంటికి వచ్చింది. వెళ్ళిపోయాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. నాన్న వసారాలో బూట్లు విప్పుకుంటున్నాడు. పిన్ని చీర అంచులన్నీ బురద. ముసుగు లేదు.

"ఇప్పుడు ఇద్దరయ్యారు బావగారూ" అంది.

అమ్మ లోపలినుంచి మంచినీళ్ళు తెచ్చేసరికి పిన్ని వీధి చివరికి వెళ్ళిపోయింది. నాన్న రెండో బూటు విప్పకుండానే చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. కలగనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. నాకు కోపం రానివాళ్ళు ఆ రోజున ఎవరూ లేరు. మాటిచ్చి వెళ్ళిపోయిన సాహెబు మీద, అందం గురించి మాట్లాడిన మాస్టరు మీద, గుండె బద్దలయ్యే మాట అనేసి వెళ్ళిపోయిన పిన్ని మీద కూడా వచ్చింది.

నా పెళ్ళి ఖరగ్‌పూర్‌లోనే అయింది. మా ఆయన వర్క్‌షాపు మనిషే. పిన్ని పెళ్ళికి వచ్చింది, నాకు పసుపు రాసింది, పందిట్లో నాన్న ఉన్న వైపుకి రాలేదు. నాన్న రిటైరై అమ్మని తీసుకుని శ్రీకాకుళం వైపు మా ఊరెళ్ళిపోయాడు. పిన్ని ఇక్కడే ఉంది. ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. నా పిల్లలకి బెంగాలీ మాటలు నేర్పేది, తప్పు పలికితే ఏడిపించేది. నాన్న సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోయేది, అందుకని ఎత్తడం మానేశాను.

డెబ్బై ఏళ్ళు వచ్చేసరికి నాన్నకి పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది. నేను మలంచా వెళ్ళి పిన్నితో చెప్పాను. "నాతో రా పిన్నీ. ఒక్కసారి చూసి వచ్చేద్దాం."

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "నేను ఎల్తే ఆయనకి మంచి జరుగుతాదా?"

"జరక్కపోవచ్చు."

"అయితే నువ్వు ఎల్లు" అంది.

ఒక్కదాన్నే వెళ్ళాను. నాన్న నోరు ఒక పక్కకి వంకర పోయింది. మాట ముద్దగా వచ్చేది, అమ్మకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. నన్ను చూసి ఏదో అడిగాడు. నేను అమ్మ వైపు చూశాను. "ఆవిడ రాలేదా అని అడుగుతున్నాడు" అంది అమ్మ.

"రాలేదు నాన్నా" అన్నాను. అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఒంట్లో బాగాలేదనో, సెలవు దొరకలేదనో. ఆయనైతే చెప్పేవాడు, సాహెబుకి చెప్పినట్టు. నాకు ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. ఆయన కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగే ప్రయత్నం చేశాడు. ఒళ్ళు సహకరించలేదు. అమ్మే తిప్పి పడుకోబెట్టింది. ఆ వారంలోనే పోయాడు. ఆయన్ని మాత్రం మోసుకెళ్ళి, కాల్చి, బూడిద ఏట్లో కలిపాం.

కర్మకాండలు అయ్యాక తిరిగొచ్చి, స్టేషన్నుంచి తిన్నగా పిన్ని దగ్గరికే వెళ్ళాను. చెప్పాను. ఆమె చేతిలో పని ఆపలేదు. "మీ అమ్మ దగ్గర ఎవుళున్నారు?" అని అడిగింది. మేనమామ ఉన్నాడన్నాను. "తెచ్చీసుకో. ఒక్కర్తీ ఎందుకు అక్కడ" అంది.

కాసేపటికి లేచి పెరట్లోకి వెళ్ళింది. నూతి గట్టు మీద కూర్చుని చీరతోనే తల మీద నీళ్ళు పోసుకుంది. ఇంటి మనిషి పోతే అందరూ పోసుకునే నీళ్ళే. తడి బట్టలతోనే లోపలికొచ్చి పొయ్యి వెలిగించింది. నన్ను అన్నం తిని వెళ్ళమంది. తిన్నాను.